అమ్మకి ఫుల్ మత్తు ఇస్తారంట, భయపడాలా? ఒక మత్తు డాక్టరు జవాబు

కావలి నుంచి ఒక అబ్బాయి అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ. వాళ్లమ్మకి 58 ఏళ్లు, గాల్‌బ్లాడర్‌లో రాళ్లు. వచ్చే వారం నెల్లూరులో ల్యాప్రోస్కోపీ ఆపరేషన్, అంటే పొట్టకి చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చూస్తూ చేసేది. షుగర్, బీపీ రెండూ ఉన్నాయి. ఫుల్ మత్తు ఇవ్వాలన్నారట. పక్కింటావిడేమో ఆ మత్తులోంచి లేవని వాళ్లు ఉన్నారని, లేచినా మతిమరుపు వస్తుందని చెప్పి భయపెట్టింది. నడుముకి సూది వేసి చేయమని అడగొచ్చా, ఆపరేషన్‌కి ముందు ఏం తెలుసుకోవాలి అని అడిగాడు.

తమ్ముడూ, నేను మత్తు డాక్టరుని. 22 ఏళ్లుగా ఒంగోలు నుంచి నెల్లూరు దాకా హైవే పక్కన ఉన్న ఆపరేషన్ థియేటర్లు చాలా వరకు తిరిగాను. ఇన్నేళ్లలో నన్ను బాగా కంగారు పెట్టిన సందర్భాల్లో తప్పు మందుది అయినవి తక్కువ. ముందురోజు నాకెవరో చెప్పాల్సిన మాట చెప్పకపోవడం వల్ల వచ్చినవే ఎక్కువ. అందుకే ఈ జవాబులో మందుల కన్నా మీరు మాకు ఏం చెప్పాలి అన్నదే ఎక్కువ ఉంటుంది.

ముందు నడుము సూది సంగతి. హెర్నియాకో, కాలు ఆపరేషన్‌కో, సిజేరియన్‌కో అది చక్కగా సరిపోతుంది. ల్యాప్రోస్కోపీలో కెమెరాకి చోటు కోసం పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ నింపుతారు. పొట్ట ఉబ్బి ఊపిరితిత్తుల్ని పైకి నెడుతుంది, ఊపిరి ఆడనట్టు ఉంటుంది. మెలకువగా ఉన్న మనిషి దాన్ని ఓర్చుకోవడం కష్టం. పొట్ట కండరాలు పూర్తిగా వదులైతేనే సర్జన్‌కి లోపల కనిపిస్తుంది కూడా. అందుకే నోటి ద్వారా శ్వాసనాళంలోకి గొట్టం వేసి, శ్వాస మేమే ఇస్తూ చేస్తాం. మీ అమ్మగారికి ఫుల్ మత్తు అన్నది సరైన సలహానే, దాని గురించి గొడవ పడకండి.

మేం ఇచ్చేది ఒక్క మందు కాదు. పాలలా తెల్లగా ఉండే ప్రొపోఫాల్ చేతి నరంలోకి వెళ్తుంది. వెళ్లేటప్పుడు చెయ్యి కాస్త మండుతుంది, కంగారు పడక్కర్లేదు. అరనిమిషంలోనే కళ్లు మూతలు పడతాయి. నొప్పి తెలియకుండా ఫెంటానిల్ లాంటిది, కండరాలు వదులు కావడానికి ఇంకొకటి, ఆ తర్వాత ఆపరేషన్ అయ్యేదాకా గొట్టం ద్వారా మత్తు గ్యాస్. ఆపరేషన్ ముగియగానే గ్యాస్ ఆపేసి, కండరాల మందుకి విరుగుడు ఇస్తాం. అప్పుడే మీ అమ్మ చెవి దగ్గర వంగి "అమ్మా, కళ్లు తెరువు, చెయ్యి గట్టిగా పట్టుకో" అంటాం. ఆ మాట చాలామందికి తర్వాత గుర్తుండదు. ఈ మధ్యలో మేం టీ తాగడానికి బయటికి వెళ్తామనుకుంటారు చాలామంది. వెళ్లం. బీపీ, గుండె కొట్టుకునే తీరు, రక్తంలో ఆక్సిజన్, బయటికి వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడ్, ఇవన్నీ చూస్తూ తలవైపే కూర్చుంటాం.

ఇక తిండి సంగతి. ఇక్కడ కాసేపు ఆగుతాను.

మనం తింటూ ఉంటే మెతుకు ఒక్కటి అటు పోతే పొలమారుతుంది. నెత్తిన తట్టి, ఎవరో తలుచుకుంటున్నారులే అంటారు. ఆ పొలమారడమే మన కాపలా. మత్తులో ఆ కాపలా ఉండదు. కడుపులో ఉన్నది గొంతులోకి వస్తే దగ్గు రాదు, నేరుగా ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. కడుపులోని ఆమ్లం కూడా దానితో పాటే.

చాలా ఏళ్ల కిందట ఒక చిన్న ఊళ్లో హెర్నియా కేసు. మొదట నడుము సూదే అనుకున్నాం, అది సరిగ్గా పట్టలేదు, ఫుల్ మత్తుకి మారాం. అంతకుముందు నేనే రెండుసార్లు అడిగాను, "ఏమైనా తిన్నారా పెద్దాయనా?" అని. "ఏం తిన్లా సార్" అన్నాడు. గొట్టం వేయబోతుండగా నోట్లోకి తన్నుకొచ్చింది. సక్షన్ పైపులో తెల్లగా ఇడ్లీ ముక్కలు, ఎర్రగా కారం. పది సెకన్లలో తల పక్కకి తిప్పి, మంచం వాల్చి, లాగినంత లాగాం. అయినా కొంత దిగిపోయింది. నాలుగు రోజులు వెంటిలేటర్ మీద ఉండి బతికాడు. బయటికొచ్చి అడిగితే భార్య ఏడుస్తూ చెప్పింది: షుగర్ మనిషి కదా, కళ్లు తిరిగి పడిపోతాడని తెల్లవారుజామున 5 గంటలకి రెండిడ్లీలు తనే పెట్టిందట. ప్రేమతోనే పెట్టింది. నర్సు చెప్పింది "ఖాళీ కడుపుతో రండి" అన్న ముక్క ఒక్కటే, ఎందుకో ఎవరూ చెప్పలేదు. ఆ తప్పులో మా వాటా కూడా ఉంది. అప్పటి నుంచి ఎందుకో కూడా చెప్పడం నాకు అలవాటైంది.

లెక్క ఇదీ. ఇడ్లీ, అన్నం, బ్రెడ్డు లాంటి తేలికపాటి తిండికి 6 గంటలు. నూనెలో వేగినది, మాంసం, చేపల పులుసు అన్నం, ఇలాంటి బరువైన తిండికి 8 గంటలు. పాలు, కాఫీ, పాలు పోసిన టీ, మజ్జిగ, గంజి ఇవన్నీ తిండి కిందే లెక్క, నీళ్ల కింద కాదు. "కాఫీయే కదా సార్" అనేవాళ్లు వారానికొకరు తగులుతారు నాకు. మంచినీళ్లు మాత్రం ఆపరేషన్‌కి 2 గంటల ముందు వరకు తాగొచ్చు, ఎవరూ వద్దనకపోతే. రాత్రి నుంచి నాలిక తడారిపోయేలా కూర్చోబెట్టే పద్ధతి పాతబడింది, అయినా కొన్నిచోట్ల ఇంకా నడుస్తోంది. మీ ఆసుపత్రిలో ఏ టైముకి నీళ్లు ఆపాలో గంటతో సహా అడిగి రాసుకోండి. పసిపిల్లలకి తల్లిపాలైతే 4 గంటలు, డబ్బాపాలైతే 6.

షుగర్ ఉన్నవాళ్లని ఆ రోజు లిస్టులో మొదటి కేసుగా పెట్టమని అడగడం మీ హక్కు. నేనైతే తప్పకుండా పెట్టిస్తాను. ఎదురుచూసేటప్పుడు చెమటలు పట్టి, చేతులు వణుకుతుంటే వెంటనే నర్సుకి చెప్పండి, సెలైన్‌లో గ్లూకోజ్ ఎక్కిస్తారు. మీరు చాక్లెట్ మాత్రం పెట్టకండి.

మందులు. మీ అమ్మగారు వేసుకునే బిళ్లల స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసి తీసుకెళ్లండి. "పొద్దున ఒక తెల్ల బిళ్ల, రాత్రి ఒక గులాబీ బిళ్ల" అంటే మాకేం తెలియదు. మెట్‌ఫార్మిన్ లాంటి షుగర్ బిళ్ల సాధారణంగా ఆ పొద్దున ఆపిస్తాం. ఇన్సులిన్ ఎంత తగ్గించాలో డాక్టరు చెబుతారు, సొంతంగా పూర్తిగా మానేయకండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అని పేరు చివర "ఫ్లోజిన్" వచ్చే బిళ్లలు వేరే సంగతి. అవి కనీసం 3 రోజుల ముందే ఆపాలి. ఆపకపోతే షుగర్ మామూలుగా కనిపిస్తూనే రక్తంలో ఆమ్లం పెరిగే ప్రమాదం ఉంది. ఇప్పుడు అవి చాలామంది వాడుతున్నారు, ముందు రోజు వచ్చి చెబితే ఆలస్యమైనట్టే. వారానికోసారి పొడుచుకునే సెమాగ్లుటైడ్ లాంటి ఇంజెక్షన్ ఉంటే అదీ చెప్పండి, అది కడుపు ఖాళీ కావడాన్ని నెమ్మదింపజేస్తుంది.

బీపీ బిళ్లల్లో ఆమ్లోడిపిన్, మెటోప్రొలాల్, అటెనొలాల్ ఆ పొద్దున కూడా వేసుకోవాలి, రెండు గుక్కల నీళ్లతో. థైరాయిడ్ బిళ్లా అంతే, ఫిట్స్ మందులూ అంతే. టెల్మిసార్టన్ రకం మాత్రం చాలామందిమి ఒకరోజు ముందు ఆపిస్తాం, మత్తులో బీపీ మరీ పడిపోకుండా. రక్తం పలచన చేసే బిళ్లలైతే ఆస్పిరిన్ ఒకటి, క్లోపిడోగ్రెల్ ఒకటి. క్లోపిడోగ్రెల్ ఆపరేషన్‌కి ముందు 5 నుంచి 7 రోజులు ఆపించడం మామూలు. కానీ గుండెలో స్టెంట్ ఉన్న మనిషి గుండె డాక్టరుని అడగకుండా ఒక్కరోజు కూడా ఆపకూడదు. నాటు మందులు, పసరు, ఆయుర్వేద గుళికలు చెప్పడానికి మొహమాటపడతారు. ఎవరూ తిట్టరు, చెప్పండి.

ముందు చెకప్‌లో మత్తు డాక్టరు మీ అమ్మని నోరు తెరిచి నాలిక బయటపెట్టమంటాడు. గొంతులో ఏదో జబ్బు ఉందని కాదు. లోపల ఎంత కనిపిస్తే గొట్టం వేయడం అంత తేలిక. దాన్ని ప్రపంచమంతా మల్లంపాటి స్కోరు అంటారు. ఆ మల్లంపాటి మన తెలుగువాడే, గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి బోస్టన్‌లో స్థిరపడిన మల్లంపాటి శేషగిరిరావు గారు. 1985లో ఆయన రాసిన పేపరు అది. టోక్యోలో మత్తు డాక్టరు కూడా రోజూ మన పక్క జిల్లాలో చదువుకున్నాయన ఇంటిపేరు రాస్తుంటాడంటే నాకెప్పుడూ సరదాగానే ఉంటుంది.

నోటి సంగతి వచ్చింది కాబట్టి. మీ మూడు వేళ్లు నిలువుగా కలిపి నోట్లో పెట్టి చూసుకోండి. పట్టకపోతే ముందే చెప్పండి. గుట్కా నమిలేవాళ్లలో కొందరికి బుగ్గలు బిగుసుకుపోయి రెండు వేళ్లు కూడా పట్టవు. అప్పుడు మాకు వేరే సరంజామా కావాలి, దాన్ని అప్పటికప్పుడు వెతకలేం. కదిలే పళ్లు, కట్టుడు పళ్లు చెప్పాలి. కట్టుడు పళ్లు తీసి డబ్బాలో పెట్టి ఇంటివాళ్ల చేతికివ్వండి. జేబురుమాల్లో చుడితే అది తప్పకుండా ఉతుకు బట్టల్లోకి పోతుంది.

మన ప్రాంతానికే ప్రత్యేకమైనవి రెండు మూడు ఉన్నాయి. కనిగిరి, పామూరు, ఉదయగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన పెద్దవాళ్లలో కొందరికి మెడ, వెన్నెముక కర్రలా బిగుసుకుని ఉంటాయి. మెడ వెనక్కి వంగదు కాబట్టి గొట్టం వేయడం కష్టం. వెన్నులో సూది దూరే సందు ఉండదు కాబట్టి నడుము మత్తూ కష్టమే. తల ఎత్తి పైకప్పు చూడలేకపోతున్నారంటే మాకు చెప్పండి. చీమకుర్తి వైపు రాయి కోసే పనిలో ఏళ్ల తరబడి దుమ్ము పీల్చినవాళ్లు, ఆయాసం లేకపోయినా ఆ పని గురించి చెప్పాలి. పొగ తాగేవాళ్లు నాలుగు వారాల ముందు మానేస్తే ఊపిరితిత్తులకి బాగా మేలు, అది కాకపోతే కనీసం ముందురోజు నుంచైనా. రోజూ మందు తాగే మనిషి "ఎప్పుడో పండక్కి" అని చెబితే ఇబ్బంది మాకు కాదు, ఆయనకే. మూడో రోజు వార్డులో వణుకు, పిచ్చి మాటలు మొదలవుతాయి. భార్య ముందు చెప్పలేకపోతే మమ్మల్ని పక్కకి పిలిచి చెప్పమనండి, చాలామంది అలాగే చెబుతారు.

ఇంకొకటి ఉంది. అది చెబితే కొందరికి కోపం వస్తుంది.

నెల్లూరులో ఒక వ్యాపారస్తుడికి అపెండిక్స్ ఆపరేషన్. చెకప్‌లో అడిగాను, "మీరు ఆర్యవైశ్యులా?" అని. ఆయన మొహం మారిపోయింది. "ఇక్కడ కూడా కులమేనా సార్?" అన్నాడు. అడగడానికి కారణం ఉంది. గొట్టం త్వరగా వేయడానికి కండరాల్ని వదులు చేసే సక్సినైల్‌కోలిన్ అనే మందు ఉంది, మేం స్కోలిన్ అంటాం. మామూలు మనిషి రక్తంలో ఉండే ఒక ఎంజైమ్ దాన్ని పది నిమిషాల్లోపే విరిచేస్తుంది. తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకోవడం వల్ల ఆర్యవైశ్యుల్లో ఆ ఎంజైమ్ లోపం మిగతావాళ్ల కన్నా ఎక్కువగా కనిపిస్తుంది. పరిశోధకులు రాసిపెట్టిన విషయమే ఇది. లోపం ఉన్నవాళ్లకి ఆ మందు గంటల తరబడి పనిచేస్తుంది. అంతసేపూ సొంతంగా శ్వాస రాదు. రోజువారీ జీవితంలో ఆ లోపం వల్ల ఏ ఇబ్బందీ ఉండదు కాబట్టి ఆపరేషన్ టేబుల్ ఎక్కేదాకా ఎవరికీ తెలియదు.

ఇదంతా చెబుతుంటే పక్కనున్న వాళ్ల వదినగారు అందుకున్నారు. "అయ్యో, మా ఆయనకి చెన్నైలో ఆపరేషన్ అయినప్పుడు రాత్రంతా మిషన్ మీద పెట్టారు, ఎందుకో మాకేం చెప్పలా" అన్నారు. నాకు కావాల్సిన మాట అదే. స్కోలిన్ ముట్టుకోకుండా వేరే మందుతో కానిచ్చాం, గంటలో లేచి కూర్చున్నాడు. తర్వాత రక్తపరీక్ష చేయిస్తే ఎంజైమ్ బాగా తక్కువ ఉంది. ఆ కాగితం నాలుగు కాపీలు తీయించి అన్నదమ్ములందరికీ పంచమన్నాను. పురుగుమందులు కొట్టే రైతుల్లోనూ ఆ మందుల ప్రభావం వల్ల ఈ ఎంజైమ్ తగ్గొచ్చు. ఈ మధ్యే పొలంలో పురుగుమందు కొట్టి ఉంటే, ఎప్పుడైనా పురుగుమందు ఒంట్లోకి పోయి ఆసుపత్రిలో చేరి ఉంటే అదీ చెప్పాలి.

ఇక పక్కింటావిడ మాటలు. మత్తు వల్లే ప్రాణం పోవడం, ఆరోగ్యంగా ఉన్న మనిషికి ముందే అనుకున్న ఆపరేషన్‌లో, బ్రిటన్ మత్తు డాక్టర్ల రాయల్ కాలేజీ రోగులకి చెప్పే లెక్కలో సుమారు లక్షకి ఒకటి. మీ అమ్మకి షుగర్, బీపీ ఉన్నాయి కాబట్టి ఆ అంకె యథాతథంగా వర్తించదు, కొంత ఎక్కువే అనుకోండి. అవి అదుపులో ఉంటే భయపడాల్సినంత మాత్రం కాదు. మధ్యలో మెలకువ వచ్చేస్తుందేమోనన్నది ఇంకో భయం. బ్రిటన్, ఐర్లండ్‌లలో జరిపి 2014లో ప్రచురించిన పెద్ద సర్వేలో 19 వేల ఫుల్ మత్తులకి ఒకరు అలా చెప్పారు. మతిమరుపు? లేచాక ఒకటి రెండు రోజులు కాస్త మందకొడిగా ఉంటారు. 70 దాటినవాళ్లకి కొన్నిరోజులు తికమక పడటం నిజంగానే ఉంది. వాళ్లకి లేవగానే కళ్లజోడు, చెవి మిషన్ ఇచ్చి, తెలిసిన మొహం ఒకటి ఎదురుగా ఉంటే చాలా తేడా వస్తుంది. 58 ఏళ్లకి దాని గురించి టెన్షన్ పడకండి.

పక్కింటావిడ చెప్పనివీ, తరచుగా జరిగేవీ నేను చెబుతాను. గొంతు ఒకటి రెండు రోజులు గరగరలాడుతుంది, గొట్టం వల్ల. లేవగానే చలి, వణుకు ఉండొచ్చు. కుడి భుజం నొప్పి అంటే గుండెపోటు అనుకుని హడావుడి చేయకండి, పొట్టలో మిగిలిన గ్యాస్ వల్ల ల్యాప్రోస్కోపీ తర్వాత అది మామూలే. అయినా నర్సుకొకసారి చెప్పండి. సుమారు ముగ్గురిలో ఒకరికి వాంతులు వస్తాయి, ఆడవాళ్లకీ బస్సెక్కితే కడుపు తిప్పేవాళ్లకీ ఇంకా ఎక్కువ. మీ అమ్మ తిరుమల ఘాట్ రోడ్డులో వాంతి చేసుకునే రకమైతే ముందే చెప్పండి, దానికి ఇంజెక్షన్లు ఉన్నాయి. ఇంటికొచ్చాక ఒక రోజంతా పొయ్యి దగ్గరికి పోనివ్వకండి. ఆస్తి కాగితాల మీద సంతకాలూ ఆ రోజు వద్దు. నవ్వకండి, ఆసుపత్రి మంచం మీదే అలా సంతకాలు పెట్టించుకోవడం చూశాను.

గోళ్ల రంగు తీసేయండి, వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్పు సరిగ్గా చదవాలి కదా. చిక్కగా నల్లగా పండిన గోరింటాకు కోన్ ఉంటే ఒక్క వేలైనా ఖాళీగా ఉండాలి. ఉంగరాలు, గాజులు, మంగళసూత్రం ఇంట్లోనే తీసి పెట్టండి. సూత్రం తీయడానికి ఒప్పుకోకపోతే పసుపుతాడు కట్టమనండి, మాకు అభ్యంతరం లేదు. ఈలోగా జ్వరం, కఫంతో దగ్గు వస్తే దాచి రావద్దు, వాయిదా వేయడమే మంచిది.

మన వైపు చిన్న ఆసుపత్రుల్లో ఒక ఇబ్బంది ఉంది. మత్తు డాక్టరు అక్కడ ఉండడు, ఫోన్ చేస్తే కార్లో వస్తాడు. నేనూ అలా తిరిగినవాణ్ణే. దానివల్ల రోగిని మొదటిసారి చూసేది థియేటర్ తలుపు దగ్గరే అవుతుంది. మీకు వారం టైముంది. సర్జన్‌ని అడిగి ఆ మత్తు డాక్టరు ఎవరో కనుక్కుని, రెండు మూడు రోజుల ముందే కలవండి, కుదరకపోతే ఫోన్లోనైనా మాట్లాడండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

అంతకన్నా ముందు ఈ రాత్రి అన్నాలయ్యాక అమ్మని కూర్చోబెట్టి అడగండి: మన ఇంట్లో, మేనమామల ఇళ్లలో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత లేవడం ఆలస్యమైందా, ఐసీయూలో పెట్టారా, విపరీతంగా జ్వరం వచ్చిందా, ఏ ఇంజెక్షన్‌కైనా ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయా అని. అమ్మమ్మ ఉంటే ఆమెనీ అడగండి. ఏ పెళ్లికి ముందు ఎవరికి ఏ ఆపరేషన్ అయిందో వాళ్లకే గుర్తుంటుంది.